కళాయి తగరం, నల్ల పొడి

2022 ఏప్రిల్ 19, మంగళవారం, ఉదయం పదిన్నర. నల్లగొండ, మా కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాల. హాజరైనవారు: ప్రిన్సిపాల్ నర్సయ్య గారు, భౌతికశాస్త్రం చెప్పే సుజాత మేడం, పరిశోధక విద్యార్థిని షాహిదా, ప్రాజెక్టు సలహాదారుగా నేను. రావలసి ఉండి రానివారు లేరు.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. ఏ సమావేశమైనా ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్ళ పేర్లు రాసుకోవడం ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు అలవాటు. ఎవరు ఏమన్నారన్నది కాలం గడిచేకొద్దీ ఎవరికి వాళ్ళు సవరించుకుంటారు. ఎవరు ఉన్నారన్నది మాత్రం సవరించలేరు.

ఆ రోజు తేల్చవలసిన విషయం ఒక్కటే. సీసం లేని సౌరఘటాల పదార్థాన్ని మా కళాశాలలో తయారు చేశామనీ, అది గాలికి చెడకుండా నిలుస్తున్నదనీ మర్నాడు విలేఖరులను పిలిచి చెప్పాలా, వద్దా. చెబితే షాహిదా సిద్ధాంత గ్రంథంలో ముఖ్యమైన అధ్యాయం ఖాయమైనట్టే. ఆమె ఫెలోషిప్ గడువు దగ్గరపడింది. చేతిలో ఇంకో అధ్యాయం లేదు.

నారాయణపేట, కోస్గి, మహబూబ్‌నగర్, నల్లగొండ కళాశాలల్లో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత ఈ ప్రాజెక్టు కోసం మళ్ళీ పిలిచారు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేవి పత్రికల్లో వ్యాసాలు ఎలా వేయించాలి, ప్రాజెక్టులు ఎలా తెచ్చుకోవాలి అని. వాటి సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ రోజుల్లో జరిగింది రాస్తాను. పని అంటే ఏమిటో అందులో చాలావరకు ఉంది.

నల్లగా ఉండడమే దాని పని

పెరోవ్‌స్కైట్ అన్నది ఒక స్ఫటికంలో పరమాణువులు సర్దుకునే తీరుకు పేరు. ఆ తీరులో కూర్చిన కొన్ని పదార్థాలు ఎండను బాగా పీల్చుకుని కరెంటు ఇస్తాయి. బాగా పనిచేసేవాటిలో సీసం ఉంటుంది. చిక్కు అక్కడే ఉంది. మేడ మీద పెట్టిన పలక ఏదో ఒకరోజు పగులుతుంది, వానకు తడుస్తుంది, సీసం నీళ్ళలో కలుస్తుంది. అందుకే సీసం ఉన్న చోట తగరాన్ని పెట్టి చూస్తున్నారు. తగరంతో ఇంకో చిక్కు. గాలి తగిలితే నిలవదు. నల్లగా ఉన్న పదార్థం చూస్తుండగానే పాలిపోతుంది. నలుపు పోతే ఎండను పీల్చడమూ పోతుంది.

మా పద్ధతి చాలా మామూలుది. పెద్ద ప్రయోగశాలల్లో ఈ పదార్థాలను ఘాటైన ద్రావణుల్లో కరిగించి తీస్తారు. అవి ఒంటికి మంచివి కావు, పారబోయడానికి అసలే మంచివి కావు. మేము కరిగించకుండా నూరేవాళ్ళం. ఒక తెల్లని లవణం, నారింజరంగు తగరం అయోడైడ్, రెండూ అగేటు రాతి కల్వంలో వేసి నూరుతూ ఉంటే పొడి ముందు గోధుమరంగుకు వస్తుంది, తర్వాత నల్లబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు సుజాత మేడం అన్నారు:

"పల్లీల చట్నీ నూరినట్టే ఉన్నది గద సార్."

"చట్నీ అయితే తినొచ్చు మేడం," అన్నది షాహిదా, చెయ్యి ఆపకుండా.

రంగయ్య సార్ ప్రశ్న

నూరడం అన్న ఆలోచన వెనక ఒక పాత పెద్దమనిషి ఉన్నాడు. నారాయణపేటలో నా మొదటి శాఖాధిపతి రంగయ్య సార్. పొట్టిగా, నిదానంగా ఉండేవాడు. యాసిడ్ గది తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే. ఎవరు ఏ ప్రయోగానికి సరుకు అడిగినా ముందు ఒక ప్రశ్న వేసేవాడు.

"అంతా అయినంక గిది యాడ పోస్తవు?"

కొత్తలో నేను "సింకులో పోస్త సార్" అన్నాను.

"సింకు కింద ఏమున్నది?"

"పైపు."

"పైపు అవుతల?"

నాకు తెలియదు. "తెల్వనోని చేతిల సీసా ఎందుకు?" అని తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కళాశాల వెనక మురుగునీళ్ళ మోరీ వెంట నడిచాను. ఆ ఊళ్ళో చీరలకు నూలు అద్దే ఇళ్ళు చాలా ఉండేవి. ఏ రోజు ఏ రంగు అద్దారో మోరీని చూసి చెప్పవచ్చు. ఆ రోజు ఎర్రది. మా సింకు నీళ్ళు కూడా అందులోనే కలిసి ఊరి చివర చేన్లలోకి పోతున్నాయి. మర్నాడు ఆ సంగతి చెబితే, రంగయ్య సార్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

తర్వాతి కాలంలో హరిత రసాయనశాస్త్రం అని సదస్సులు వచ్చాయి, సంచులు, పెన్నులు పంచారు. ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఆయన ప్రశ్న కన్నా ఎక్కువ దొరకలేదు.

ఆయనలో లోపమూ ఉంది. చివర ఎక్కడ పోస్తావన్నది అడిగేవాడు గాని, మొదట ఎక్కడి నుంచి తెచ్చావని అడిగేవాడు కాదు. ఆ అలవాటే నాకూ వచ్చింది.

ఏడ్చే లోహం

మేము ఆర్డరు పెట్టిన తగరం అయోడైడ్ నెలలు గడిచినా రాలేదు. కరోనా తర్వాత రవాణా ఇంకా గాడిన పడని రోజులవి. షాహిదా ఒక మాట అన్నది: "తగరం మా ఇంట్లనే ఉంటది గద సార్. అయోడిన్ మన దగ్గర ఉన్నది. మనమే చేసుకుందాం."

ఆమె తండ్రి ఖాజా మియా కళాయి మేస్త్రీ. గడియారం చౌరస్తా వెనక గల్లీలో దుకాణం. రాగి, ఇత్తడి పాత్రలను నిప్పు మీద కాల్చి, నవసాగరం చల్లి, లోపల తగరం పూత పూస్తాడు. ఆ పూత లేకపోతే పులుపు తగిలి వంట చిలుము పడుతుంది. స్టీలు గిన్నెలు వచ్చాక ఇళ్ళ నుంచి పని తగ్గింది. పెళ్ళి వంటల పెద్ద పాత్రలు, రంజాన్‌కు హలీం వండే రాగి దేగ్‌లు, వాటితోనే దుకాణం నడుస్తున్నది.

ఆయన దగ్గరికి షాహిదా, నేను కలిసి వెళ్ళాం. ఒక తగరపు కడ్డీ తీసి నా చెవి దగ్గర వంచాడు. కిరకిరమని సన్నని చప్పుడు.

"వినుండ్రి సార్. తగరం ఏడుస్తది. వేరే లోహం మూగదాని లెక్క వంగుతది."

"మీ బిడ్డ ఎన్నడన్న ఏడ్చిందా?" అన్నాను.

"అది ఏడ్వది సార్, ఏడిపిస్తది."

నాకు ఆ చప్పుడు పుస్తకాల్లో చదివి తెలుసు, చెవితో వినడం అదే మొదలు. సంతోషంగా కడ్డీ తీసుకుని వచ్చాం. షాహిదా దానితో తగరం అయోడైడ్ చేసింది. నారింజరంగు సూదుల్లా దిగింది. దాన్ని లవణంతో కలిపి నూరితే నల్లబడింది. ఆ నలుపు బల్ల మీద అలాగే ఉండిపోయింది. హైదరాబాద్‌లో ఆమె గైడు ప్రయోగశాలలో చేసిన పొడి గాలికి పెడితే సాయంత్రానికి పాలిపోయేది. మాది వారం దాటినా నల్లగానే ఉంది. గాజుపలక మీద పూసి ఎండ తగిలించి, సుజాత మేడం కొలిస్తే కరెంటూ నిలకడగా వచ్చింది.

మా నీళ్ళ మీద ఆశ

ఎందుకు నిలిచిందో తెలియాలి. ఇక్కడ మేము చేసిన పొరపాటు నల్లగొండవాళ్ళు మాత్రమే చేయగలిగింది.

తగరం పెరోవ్‌స్కైట్ చెడకుండా కొందరు అందులో తగరం ఫ్లోరైడ్ కొద్దిగా కలుపుతారు. ఆ సంగతి నేనే అంతకుముందు ఒక సమావేశంలో చెప్పాను. ఫ్లోరైడ్ అన్న మాట వినగానే ముగ్గురూ నల్లా వైపు చూశారు. మా గాజుపలకలను కడిగేది కళాశాల బోరు నీళ్ళతో.

బయటివాళ్ళకు ఇది చిత్రంగా ఉంటుంది. మాకు కాదు. నర్సయ్య గారి అన్న యాభై ఏళ్ళు రాకముందే నడుము వంగి, కర్ర లేకుండా నిలబడలేని మనిషి. చిన్నప్పటి నుంచి తాగిన, ఫ్లోరైడ్ నిండిన బావి నీళ్ళే కారణం. ఇంటింటికీ కృష్ణా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ కష్టం తెలియదు. మా తరానికి ఆ మాట ఎముకల్లో ఉంది.

"గీ నీళ్ళు ఎన్నడన్న ఒక్క మంచి పని చేసినయంటే మా అన్నకు చెప్పుకుంట సార్," అన్నారు నర్సయ్య గారు. ఆయన మాటలకు లొంగే మనిషి కాదు. లెక్కల మేష్టారు. ఆ రోజు మాత్రం లెక్క చూడలేదు. మేమూ చూడలేదు. బోరు నీళ్ళు ఆరిపోయాక పలక మీద మిగిలే ఫ్లోరైడ్ ఎంతని? దానితో పొడి మొత్తం నిలుస్తుందా? అడగవలసిన ప్రశ్న అది. ఒక ఊరు తన గురించి ఏం వినాలనుకుంటుందో, ఆ ఊళ్ళో పనిచేసే శాస్త్రజ్ఞుడు దానికే ఎక్కువ భయపడాలి. తప్పు మాట రాకుండా అక్కడ కాపలా ఉండదు.

అనుమానం మొదట షాహిదాకు వచ్చింది. స్వేదనజలంతో కడిగిన పలకల మీద పూసి చూసింది. అప్పుడూ నలుపు నిలిచింది. స్వేదనం చేసిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండదు. అయితే కరగకుండా మిగిలిన తగరపు ముక్కలు పొడిని కాపాడుతున్నాయేమో అనుకుంది, అలా జరగడమూ ఉంది. వాటిని వడగట్టి తీసేసింది. అప్పుడూ నిలిచింది. ఇంతలో పోల్చి చూడడానికి తెప్పించిన శుద్ధమైన కంపెనీ తగరం వచ్చింది. దానితో చేసిన పొడి మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికి పాలిపోయింది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నా విద్యార్థులందరికీ చెప్పే మాట ఇది. పాటించేవాళ్ళు తక్కువ, ఎందుకంటే జవాబు నచ్చిన చోట ఆగిపోవడం తేలిక. షాహిదా ఆగలేదు. మిగిలింది కళాయి తగరం ఒక్కటే.

తంగేడు పువ్వు

ఏప్రిల్ 19న సమావేశం మొదలవగానే నర్సయ్య గారు విలేఖరులకు పంపవలసిన మాటలు చదవబోయారు. షాహిదా లేచింది.

"సార్, ముందుగాల ఒక పరీక్ష చేస్త. అందరి ముంగట."

"గిప్పుడేం పరీక్ష బిడ్డా?"

"డిగ్రీ ఫస్టియర్ల చేసేదే సార్."

వాళ్ళ నాన్న ఇచ్చిన కడ్డీ నుంచి చిన్న ముక్క కోసి నైట్రిక్ యాసిడ్‌లో వేసింది. పొగ పోయే అల్మారాలో గోధుమరంగు పొగ లేచింది. తగరం తెల్లని మడ్డిగా అడుగుకు చేరింది. మడ్డిని వడగట్టి, మిగిలిన యాసిడ్‌ను ఇగరబెట్టి, నీళ్ళు పోసి, పొటాషియం అయోడైడ్ చుక్కలు వేసింది. పరీక్షనాళికలో పసుపు కమ్ముకుంది. నాకు అప్పటికే అర్థమైంది. ఆమెకు కూడా. అయినా చివరిదాకా చేసింది. వేడి చేస్తే పసుపు కరిగి నీళ్ళు తేటగా అయ్యాయి. నల్లా కింద చల్లార్చింది. తేట నీళ్ళలో బంగారురంగు రేకులు ఒకటొకటిగా పుట్టి, మెరుస్తూ కిందికి రాలాయి.

అలా రాలేది సీసం అయోడైడ్. రసాయనశాస్త్రం చదివిన ప్రతివాడూ ఒక్కసారి చూసి ముచ్చటపడే పరీక్ష అది.

"కొంచెం కల్తీ ఉంటది సార్, బజార్ సరుకు," అన్నారు నర్సయ్య గారు. "సుక్కంత ఉంటే ఏమైతది?"

"సుక్కంతయితే గిట్ల రాలదు సార్," అన్నారు సుజాత మేడం. "చూస్తున్నరు గద, తంగేడుపువ్వు దులిపినట్టు రాలుతాంది."

"అంటే మన నీళ్ళు గాదు."

"నీళ్ళు గాదు సార్," అన్నాను. "సీసం. మన పొడిని నిలబెట్టింది అదే."

ఆయన ఫోన్ తీసి ఒక విలేఖరికి చెప్పారు, "రేపు వద్దు తమ్మీ. తర్వాత నేనే చెప్త." ఫోన్ పెట్టేసి నన్ను అడిగారు, "తగరం, సీసం కలిపి చేసినమని రాస్తే?"

"అది వేరేవాళ్ళు ఎప్పుడో చేసిండ్రు సార్. మనది సీసం లేని ప్రాజెక్టు."

షాహిదా నాళికను స్టాండులో పెట్టింది. "నాకు సెలవు గావాలె సార్. అబ్బా దగ్గరికి పోవాలె."

"నీ థీసిస్ సంగతి ఏంది బిడ్డా? గైడుకు ఏం చెప్తవు?"

"థీసిస్ మళ్ళ రాస్త సార్. రంజాన్ షురూ గాకముందు అబ్బా గిదే తగరంతోని హలీం దేగ్‌లకు కళాయి పోసిండు. రోజూ ఉడుకుతాంది అండ్ల."

బల్ల మీద నలుపు నిలిచిందని ఇన్నాళ్ళూ మురిసిన మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

దుకాణంలో

షాహిదా వెంట నేనూ వెళ్ళాను. రోజా ఉపవాసం ఉన్న మనిషి, మధ్యాహ్నం ఎండ, నిప్పు ఆర్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూతురు చెప్పింది విని ఖాజా మియా మొహం గట్టిపడింది.

"సీసమా? నా దుకాణంలనా? నువ్వు పెద్ద సదువు సదివినవని నా తగరంకు పేరు పెడ్తవా?"

కడ్డీ తీసి వంచాడు. అదే కిరకిర. "ఇనవడ్తలేదా?"

"తగరం ఉన్నదని చెప్తాంది అబ్బా. దాని పక్కన ఇంకెవరున్నరో చెప్తలేదు."

ఆ అమ్మాయి అన్న మాట మా ప్రయోగశాలకూ అంతే సరిపోతుంది. నలుపు నిలిచిందా అని మా పొడిని రోజూ అడిగాం. నీలో ఇంకేముందని ఒక్కనాడూ అడగలేదు. పరీక్ష ఏదైనా మనం అడిగినదానికే జవాబు చెబుతుంది.

ఆయన లేచి, మూలనున్న కట్టలోంచి ఒక కడ్డీ తానే ఏరి లాగాడు. "గీ కడ్డీ. నేను ఏరింది. నా ముంగట చెయ్యి."

షట్టర్ దించి మాతో కళాశాలకు వచ్చాడు. షాహిదా మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఆయన స్టూలు మీద కూర్చుని చూశాడు. రేకులు రాలుతుంటే నాళిక చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

"జహర్ గింత మంచిగ కనవడ్తదా," అన్నాడు ఆ విషాన్ని చూస్తూ.

నాళిక దించకుండానే నన్ను అడిగాడు. "తిన్నోళ్ళకు ఏమన్నయితదా సార్?"

"ఒక్కపూటకు తెల్వది ఖాజా భాయ్. ఏండ్ల మీద తెలుస్తది. పిల్లలకు ఎక్కువ."

నర్సయ్య గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఏండ్ల మీద అన్న మాట ఆయన విన్నారు.

"మీ తప్పేమున్నది," అన్నారు సుజాత మేడం. "తగరమని అమ్మినోడు చేసిన మోసం. వాని పేరు చెప్పుండ్రి."

"చెప్త అమ్మా, వాని పేరు గూడ చెప్త." ఖాజా మియా నాళికను జాగ్రత్తగా స్టాండులో పెట్టాడు. "గని దేగ్‌ల చెయ్యి వెట్టింది నేను. ఊర్ల కళాయి ఎవరిదంటే ఖాజాది అంటరు. వానిది అనరు."

షాహిదా ఆయన వెంట గేటు దాకా వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. వచ్చి, బల్ల మీద ఇన్నాళ్ళూ నల్లగా నిలిచిన పలకలన్నీ ఒక పెట్టెలో సర్ది మూత పెట్టింది. అందరికీ చూపడానికి దాచినవి అవి. గైడుకు ఫోన్ చేసి, అధ్యాయం తీసేస్తున్నానని తానే చెప్పింది. అవతలి నుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. ఆమె ప్రతిదానికీ "అవును సార్" అన్నది.

పిల్లలూ, ఈ పనిలో ఓడిపోయిన రోజు ఇలా ఉంటుంది. పెద్దగా చప్పుడు ఉండదు. సామాను కడిగి పెట్టి ఇంటికి పోతాం.

మర్నాడు

ఏప్రిల్ 20, బుధవారం. తొమ్మిదికి గేటు దగ్గరికి వచ్చేసరికి ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. నిండా రాగి దేగ్‌లు, ఒకదాని మీద ఒకటి బోర్లించినవి. ఖాజా మియా తెల్లవారుజామున సహరీ భోజనం కాగానే హలీం బట్టీల వెంట తిరిగాడట. ఒక వంటమేస్త్రీ "రంజాన్‌ల దేగ్ అడుగుతున్నవు, దిమాక్ ఉన్నదా ఖాజా?" అని తిట్టాడట. ఇంకొకడు రెండు రోజులు ఆగమన్నాడట. అందరికీ ఒకటే చెప్పాడు, నా కళాయిల సీసం ఉన్నది అని. టెంట్ హౌస్ నుంచి స్టీలు పాత్రలు ఇప్పించి, వీటిని ఎక్కించుకుని వచ్చాడు.

"పూత అంతా గీకాలె సార్," అన్నాడు. "దుకాణంలనే గీకేటోన్ని. గని గీకినంక గా పొడి యాడ పోయాలె? మోరిల పోయొద్దు గద."

నాకు రంగయ్య సార్ గుర్తొచ్చాడు. మా ప్రయోగశాలలో ప్రతిదానికీ ఒక వ్యర్థాల డబ్బా ఉంది. సీసానికి మాత్రం లేదు. సీసం లేని ప్రాజెక్టు కనుక, ఆ అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

షాహిదా లోపలికి వెళ్ళి మూత గట్టిగా పట్టే ఖాళీ డబ్బా ఒకటి కడిగి తెచ్చింది. నల్ల మార్కర్‌తో దాని మీద పెద్ద అక్షరాలతో సీసం అని రాసింది. అందరికీ మాస్కులు, చేతితొడుగులు ఇచ్చి, పొడి లేవకుండా దేగ్‌లను తడిపి గీకాలని తండ్రికి చెప్పింది. ఆయన చేతితొడుగులు తొడుక్కున్నాడు.

మొదటి దేగ్ బరువుగా ఉంది. ఒక చెవి ఖాజా మియా పట్టుకున్నాడు. రెండో చెవి కోసం నేను వంగేలోగా వెనక నుంచి నర్సయ్య గారు వచ్చి పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి దాన్ని వరండాలోకి మోశారు.